వేగం సరే, ఆగేదెట్లా?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ., గణితం – భౌతికం – రసాయనం)

హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక వరండాలో చేరే మిత్రబృందానికి సినిమా తర్వాత అభిమాన విషయం కార్లు. ఏ కారుకు ఎంత హార్సుపవరు, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లలో పోతుంది, టర్బో ఉందా లేదా – సొంతానికి సైకిలు లేనివాడు కూడా ఈ లెక్కలు వల్లె వేస్తాడు. మూడేళ్ళుగా వింటున్నాను గాని, వంద నుంచి సున్నాకు ఎన్ని మీటర్లలో వస్తుందని అడిగినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. ఆ ప్రశ్న మా ఇంట్లో మొన్న వేసవిలో వచ్చింది. అడిగింది మా అక్క. ఆమె అడగటానికి కారణం ఉంది.

మాది వ్యవసాయ కుటుంబం. నాలుగెకరాల చెరకు, వాన పడితే వేరుశెనగ, ఒక పాత ట్రాక్టరు, రెండు ఆవులు. మా మేనమామ కొడుకు, అంటే మా బావ, బెంగుళూరులో ఉద్యోగం. మాఘమాసంలో అక్కకు ఆయనతో పెళ్ళి అని పెద్దవాళ్ళు మాట అనుకున్నారు. బావ మంచివాడే. ఆయనకు ఒకే ఒక్క పిచ్చి, కారు. రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో ఒక చిన్న టర్బో పెట్రోలు కారు కొన్నాడు. ఏ కంపెనీదో ఎందుకులెండి. చూడటానికి మామూలు చిన్న కారే. పెడలు తొక్కితే మాత్రం వీపు సీటుకు అతుక్కుపోతుంది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ములు. మన దేశంలో ఈ తరగతి కార్లలో చాలావాటికి ఏర్పాటు ఇదే.

ఏప్రిల్లో బావ, మామ, అత్త, అక్క కలిసి మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండకు పోయారు. ఏనుగు మల్లమ్మ కొండ అనేది దాని అసలు పేరు. ఎక్కేటప్పుడు అందరికీ సరదాగానే ఉండిందట. దిగేటప్పుడు బావ మూడో గేరులోనే ఉంచి, ప్రతి మలుపుకూ బ్రేకు మీద కాలుపెట్టి దిగాడు. సగం దూరం వచ్చేసరికి ఏదో మాడిన వాసన. ఇంకో రెండు మలుపులయ్యాక పెడలు దూదిలాగా మెత్తబడి లోపలికి పోవటం మొదలుపెట్టింది. రెండోసారి, మూడోసారి కొట్టి కొట్టి తొక్కితే కాస్త పట్టుకుంది. చేతిబ్రేకు లాగి, ఫస్టు గేరు వేసి, కొండవైపు మట్టిగట్టుకు చక్రం ఆనించి నిలిపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అత్త మాత్రం దిగి రోడ్డు పక్కన కూర్చుని గంటసేపు కారెక్కను పొమ్మందట.

ఇది జరిగిన వారానికి బావ ఒక నిశ్చయానికొచ్చాడు. బెంగుళూరులో ఒక దుకాణంవాడు పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల కాలిపర్లు ఉన్న సెట్టు బిగిస్తానని లక్షా అరవై వేలు చెప్పాడు. చక్రాలు కూడా పెద్దవి వెయ్యాలి గనుక దానికి ఇంకో అరవై వేలు. పెళ్ళి ఖర్చులకని దాచిన డబ్బులోంచే ఇస్తానన్నాడు. అప్పుడే అక్క నన్ను పిలిచింది.

"ఒరే, నువ్వు ఫిజిక్సు చదువుతుండావు గదా. ఆ డబ్బు పెడితే కారు ఆగుతుందా? ఆగితే పెట్టనీ. ఆగకపోతే ఇప్పుడే చెప్పు. రేపు ఆ కార్లో తిరగాల్సింది నేను."

పరీక్ష హాల్లో కూడా ఇంత సూటి ప్రశ్న నాకెప్పుడూ ఎదురు కాలేదు. కాగితం తీసుకుని కూర్చున్నాను. ఆ కాగితంలో ఉన్నదే ఇక్కడ రాస్తున్నాను. లెక్కలంటే పడని మిత్రులు ఒక్క పేరా ఓర్చుకోవలసిందిగా మనవి.

బ్రేకు బండిని ఆపుతుందని మనం వాడుకగా అంటాం. నిజానికి అది చేసే పని వేగాన్ని వేడిగా మార్చటం, ఆ వేడిని గాలికి వదలటం. మనుషులతో కలిపి కారు 1400 కిలోలు అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 27.8 మీటర్లు. గతిజశక్తి సూత్రంలో వేస్తే రమారమి 540 కిలోజౌళ్ళు వస్తుంది. ఒక్కసారి పూర్తిగా ఆగితే, దాదాపు రెండు లీటర్ల మామూలు నీళ్ళను మరిగించేంత వేడి నాలుగైదు సెకన్లలో నాలుగు చక్రాల దగ్గర పుడుతుందన్నమాట. అందులోనూ బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది గనుక నాలుగింట మూడు వంతుల పని ముందు చక్రాలదే. ముందుకు డిస్కులు, వెనకకు డ్రమ్ములు పెట్టటంలోని కిటుకు ఇదే. వెనక డ్రమ్ములున్నాయని ఆ కారును చిన్నచూపు చూడనక్కర్లేదు.

ఇప్పుడు కొండ. మనందరికీ తెలిసిన తిరుమల ఘాటునే తీసుకుందాం. పైనుంచి కిందికి సుమారు 700 మీటర్ల ఎత్తు. అదే కారు అంత ఎత్తు దిగితే పోగొట్టుకోవలసిన స్థితిజశక్తి 9600 కిలోజౌళ్ళు. అంటే వంద వేగం నుంచి పదిహేడు పద్దెనిమిది సార్లు వరుసగా ఆగినంత. ఆ దారిలో దిగే బండ్లకు పైన చీటీ మీద సమయం వేసి ఇస్తారు, కింద చూస్తారు. 40 నిమిషాల కంటే ముందు దిగితే తప్పు. చిన్నప్పుడు ఆ నియమం మీద నాకు మహా విసుగుండేది. ఇప్పుడు లెక్క వేస్తే, 40 నిమిషాల్లో దిగే కారు సగటున 4 కిలోవాట్ల వేడిని వదిలించుకోవాలి. నీళ్ళు కాచుకునే హీటర్లు నాలుగు ఒకేసారి వెలిగినట్లు. ఇరవై నిమిషాల్లో దిగితే అవే ఎనిమిది అవుతాయి. ఇందులో కొంత గాలి, కొంత టైర్లు తీసుకుంటాయి. చిన్న గేరులో ఉంటే పెద్ద వాటా ఇంజనే మింగుతుంది. గేరు పెద్దదిగా ఉంచి దిగితే ఆ వాటా కూడా డిస్కుల నెత్తినే పడుతుంది.

బావకు జరిగింది ఇదే. అయితే బ్రేకు ఓడిపోవటంలో రెండు రకాలున్నాయి. వాటిని ఒకటిగా కలిపేసి మాట్లాడటం వల్లనే దుకాణాలవాళ్ళకు గిరాకీ. మొదటి రకంలో పెడలు గట్టిగానే ఉంటుంది గాని కారు ఆగదు. ప్యాడ్ల పదార్థం తట్టుకోగల వేడిని మించిపోయి ఘర్షణ గుణకం పడిపోవటం అది. రెండో రకంలో పెడలే మెత్తబడి కిందికి దిగిపోతుంది. మన కాలు నొక్కిన ఒత్తిడిని చక్రం దాకా మోసుకుపోయేది బ్రేకాయిలు. ద్రవం నొక్కుడుపడదు గనుక ఒత్తిడి అట్లాగే చేరుతుంది. అదే ఆయిలు కాలిపర్లో మరిగి ఆవిరైతే, ఆవిరి నొక్కుడుపడుతుంది. మన కాలి బలమంతా ఆ బుడగలను నొక్కటానికే సరిపోతుంది. ఇంటర్మీడియెట్లో పాస్కల్ నియమానికి నాలుగు మార్కులు తెచ్చుకున్నాం గాని, ఆ నియమం ఒక బుడగ దగ్గర ఎంత దిక్కులేనిదవుతుందో ఎవరూ చెప్పలేదు!

బ్రేకాయిలుకు ఇంకో గుణం ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. రెండేళ్ళకోసారైనా మార్చమనేది అందుకే. బావను ఫోనులో అడిగాను, ఆయిలు ఎప్పుడు మార్పించావని. "అది కూడా మారుస్తారా?" అన్నాడు. కారు వయసు అప్పటికి ఆరేళ్ళు.

ఇక ఆ పెద్ద డిస్కుల సంగతి. వాటిని తీసిపారెయ్యలేము. డిస్కు బ్రేకు పుట్టుకే పందేల కార్లతో ముడిపడి ఉంది. 1902లోనే ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. అయినా దాని సత్తా లోకానికి తెలిసింది 1953లో, ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో. డిస్కు బ్రేకులు అమర్చిన జాగువార్ సి-టైప్ కారు అక్కడ గెలిచింది. డ్రమ్ము లోపలివైపు ఒరుసుకుని వేడిని కడుపులో దాచుకుంటుంది. డిస్కు బయటే తిరుగుతుంది గనుక గాలికి చల్లారుతుంది. డ్రమ్ముల కార్లవాళ్ళు మలుపుకు ముందే వేగం తగ్గించుకోవలసి వస్తే, డిస్కుల కారు ఇంకా దగ్గర దాకా దూసుకుపోగలిగింది. కాబట్టి డిస్కు ఎంత పెద్దదైతే వేడిని అంత ఎక్కువ ఓర్చుకుంటుంది, వ్యాసార్థం పెరిగిన కొద్దీ చక్రాన్ని నిలిపే టార్కూ పెరుగుతుంది. ఇదంతా నిజమే.

కాని ఒక్కసారి ఆగటానికి ఎంత దూరం పడుతుందనే సూత్రం చూడండి. వేగం వర్గాన్ని 2μg తో భాగించాలి. అందులో డిస్కు సైజు ఎక్కడుంది? పిస్టన్లు నాలుగా, ఒకటా అన్నది ఎక్కడుంది? ఉన్నదల్లా μ, అంటే టైరుకు రోడ్డుకు మధ్య పట్టు. చక్రాన్ని కారు బ్రేకు ఆపుతుంది, కారును మాత్రం టైరే ఆపాలి. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ఏ.బి.ఎస్. కాలికింద గడగడ కొట్టుకుంటే, ఉన్న బ్రేకు ఇప్పటికే టైరు పట్టును మించిపోయిందని అర్థం. దానిమీద ఇంకా పెద్ద బ్రేకు పెట్టటమంటే, ఆగిపోయిన ఎద్దును ఇంకో ఇద్దరు పట్టుకోవటమే. పెద్ద డిస్కు అక్కరకొచ్చేది పదోసారి, పదిహేనోసారి ఆగవలసి వచ్చినప్పుడు. పందెపు మైదానంలో అయితే ప్రతి నిమిషమూ అదే పని గనుక అక్కడ అది తప్పనిసరి.

పైగా చిక్కులు. ముందు బ్రేకులను మాత్రమే పెంచితే, కంపెనీవాళ్ళు ముందుకూ వెనకకూ లెక్కగట్టి పంచిన పాళ్ళు చెడిపోతాయి. ముందు టైర్లు తొందరగా హద్దుకు చేరి, వెనక టైర్ల పట్టు కొంత వాడకుండానే మిగిలిపోతుంది. పిస్టన్ల వైశాల్యం పెరిగితే అదే మాస్టర్ సిలిండరు ఎక్కువ ఆయిలు తొయ్యాలి, పెడలు ఇంకా లోతుకు పోతుంది. పెద్ద చక్రం, పెద్ద డిస్కు అంటే స్ప్రింగుల కింద బరువు పెరిగి మన ఊరి రోడ్ల మీద నడుములు విరుగుతాయి. చట్టం సంగతి వేరే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రంలోకెక్కిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. రంధ్రాలు పొడిచిన డిస్కులు చూడటానికి నగల్లాగే ఉంటాయి గాని, బాగా వేడెక్కి చల్లారే వాడకంలో ఆ రంధ్రాల దగ్గరే పగుళ్ళు పుడతాయి. కాలిపరుకు ఎర్రరంగు పూసుకోవటానికి మాత్రం ఎవరి అభ్యంతరమూ లేదు.

ఈ కాగితం చదివి బావ నొచ్చుకున్నాడు. "నువ్వు కారు తోలినోడివి కాదురా, పుస్తకం మాటలు" అన్నాడు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అక్క మధ్యవర్తిగా ఒక ఏర్పాటు చేసింది. మే నెలలో బావ ఊరికొచ్చినప్పుడు, ప్లాట్లు వేసి ఒక్క ఇల్లూ కట్టని ఒక వెంచరులో తారురోడ్డు ఖాళీగా ఉంటే, తెల్లవారుజామున అక్కడికి పోయాం. రోడ్డు మీద సున్నంతో గీత గీశాం. మామ టేపు పట్టుకున్నాడు. గీత దగ్గర 60 వేగంతో వచ్చి పూర్తిగా తొక్కాలి. మూడుసార్లూ ఏ.బి.ఎస్. గడగడలాడింది. మూడుసార్లూ దూరం 21 మీటర్లకు అటూ ఇటూగా వచ్చింది. కొత్త టైర్ల మీద పొడిరోడ్డుకు μ 0.9 అనుకుంటే లెక్క ప్రకారం 16 మీటర్లు రావాలి. వంగి టైరు పక్క అచ్చు చూశాను. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అవి కారుతో పాటు పుట్టిన టైర్లే. గాడులు ఇంకా ఉన్నాయి గాని రబ్బరు గోటికి దిగకుండా గట్టిపడిపోయింది.

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, మెకానిక్కు దగ్గరికి పోదాం పా" అన్నాడు.

పీలేరు రోడ్డులో మాకు తెలిసిన మెకానిక్కు భాయి ఉన్నాడు. లారీల మీద చెయ్యి తిరిగినవాడు. ఆయన బ్రేకాయిలు డబ్బా మూత తీసి చూసి, నాకు చూపించాడు. లేత తేనెరంగులో ఉండాల్సింది కాఫీ డికాక్షన్లాగా ఉంది. కాలిపర్లు విప్పితే ఒకవైపు ప్యాడు జారే పిన్ను తుప్పుతో బిగుసుకుపోయి, లోపలి ప్యాడు అరిగిపోయి బయటి ప్యాడు కొత్తదానిలాగా ఉంది. అంటే ఆ చక్రానికి సగం బ్రేకే పనిచేస్తోంది. ఆ పిన్ను బాగుచెయ్యకుండా లక్షా అరవై వేలు పెట్టబోయాడు మా బావ. వెనక డ్రమ్ములు ఊడదీసి దుమ్ము దులిపి షూలు సర్దాడు. ముందు డిస్కులు కంపెనీ కొలతవే కొత్తవి, మధ్యలో గాలి ఆడే సందులున్నవి. ప్యాడ్లు మాత్రం మామూలుకన్నా ఒక మెట్టు ఎక్కువ వేడి తట్టుకునే రకం. పందేలకు వాడే ప్యాడ్లు కావాలని బావ అడిగాడు. భాయి ఒప్పుకోలేదు. అవి బాగా కాగితే తప్ప పట్టుకోవు, పొద్దున్నే ఇంటిముందు సందులో పిల్లవాడు అడ్డమొస్తే చల్లగా ఉండి జారతాయి అన్నాడు. డాట్ 4 ఆయిలు కొత్తది పోసి, నాలుగు చక్రాల దగ్గరా బుడగలు పోయేదాకా పెడలు తొక్కించాడు. ఆ పెడలు తొక్కింది నేనే, కాలు పీకింది. రబ్బరు గొట్టాల బదులు స్టీలు అల్లిక గొట్టాలు వేయిస్తే పెడలు ఇంకా గట్టిగా ఉంటుంది. అది బావ సరదా కోసం వదిలేశాం.

నాలుగు కొత్త టైర్లు, ఈ సామాన్లు, కూలి అన్నీ కలిపి దుకాణంవాడు చెప్పినదానిలో నాలుగో వంతు కాలేదు. కొత్త ప్యాడ్లను మరుసటి పొద్దున అదే వెంచరు రోడ్డులో పదునుపట్టించాం. 60 నుంచి 10 దాకా తగ్గించటం, నిలవకుండా మళ్ళీ వేగం అందుకోవటం, మధ్యలో చల్లారనివ్వటం. ఈసారి అక్క తోలింది. ఆమెకు లైసెన్సు వచ్చి ఏడాదైంది గాని బావ కారు ఎప్పుడూ ఇవ్వలేదు. చివర గీత దగ్గర తొక్కితే టేపు 17 మీటర్లు చూపించింది. పోయిన నాలుగు మీటర్లు కారు పొడవుకన్నా ఎక్కువే. మామ టేపు చుడుతూ, "ఆ నాలుగు మీటర్లలో ఒక ఆవు నిలబడొచ్చురా" అన్నాడు.

కథ ఇంతటితో అయిపోతే బాగుండేది. నాకు కాగితమూ పెన్నూ చేతిలో ఉండిపోయాయి. అదే లెక్క మా ట్రాక్టరుకు వేశాను.

ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే. కుడికొకటి ఎడమకొకటి పెడళ్ళు, దుక్కిలో గట్టు దగ్గర తిరగటానికి వీలుగా. రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కలిపి కొక్కెం వెయ్యాలి. మరిచిపోయి ఒకటే తొక్కితే బండి పక్కకు లాగి బోల్తా పడుతుంది. చెరకు నిండిన నాలుగు చక్రాల ట్రాలీకి మటుకు బ్రేకన్నది లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నట్టు కూడా నేను చూడలేదు. మొత్తం ఏడున్నర టన్నులు, వెనక చక్రాల మీద పడే బరువు టన్నున్నర, తారుమీద పట్టు 0.7 అనుకున్నాను. 25 వేగంలో చదునుమీద 18 మీటర్లలో ఆగుతుంది. పదికి ఒకటి వాలు ఉన్న దిగుడులో అది 60 మీటర్లు దాటుతుంది. గులకమట్టి మీద పట్టు 0.5 కు పడిపోతే? వాలు కిందికి లాగే బలమూ బ్రేకు పట్టే బలమూ సరిగ్గా సమానమవుతున్నాయి. అంటే ఆగదు. చెరువుకట్ట దిగి గానుగ దగ్గరికి పోయే మా దారి గులకమట్టిదే. వాలు కొలవటానికి నీళ్ళ గొట్టం పట్టుకుని పోయాను. పదికి ఒకటికన్నా కాస్త ఎక్కువే ఉంది.

నాయనకు చూపించాను. ఆయన మొదట నవ్వాడు. "మీ తాత ఎద్దులబండికి బ్రేకుండిందా?"

"ఎద్దులకు బుద్ధుండింది నాయనా. పైగా దిగుడులో వెనక మోకు కట్టి ఇద్దరు పట్టుకునేవాళ్ళని నువ్వే చెప్పినావు."

ఆయన నవ్వు ఆపి కాగితం మళ్ళీ చూశాడు. చదువుకున్నది ఐదో తరగతే గాని, లెక్కలో మనిషిని మోసం చెయ్యలేం. 60 మీటర్లంటే మన కట్ట మీది చింతచెట్టు నుంచి ఎక్కడిదాకా అని అడిగాడు. కల్వర్టు దాకా అన్నాను. రెండేళ్ళ కిందట పక్కూరి ట్రాలీ ఒకటి ఆ కల్వర్టులోనే పడింది. దాని గురించి మేమిద్దరం ఏమీ అనుకోలేదు.

ట్రాలీ వెనకనుంచి తోసినప్పుడు ఆ తోపుడుతోనే దాని చక్రాలకు బ్రేకు పడే ఏర్పాటు ఒకటి ఉంది. ట్రాక్టరు ఆయిలుతో పనిచేసే రకమూ ఉంది. భాయి పాత లారీ ఇరుసు ఒకటి చూసి, డ్రమ్ములతో సహా బిగిస్తానన్నాడు. బావ తన మిగులులోంచి ఇస్తానన్నాడు. నాయన ఒప్పుకోలేదు. కాబోయే అల్లుడి డబ్బుతో ట్రాలీకి బ్రేకా అన్నాడు. బెల్లం అమ్మినాక చూద్దామన్నాడు. చిత్తూరు మండీలో ధర ఎట్లుంటుందో చూడాలి.

అంతదాకా ఒక పద్ధతి పెట్టుకున్నాం. కట్ట మీదే బండి నిలిపి, ఫస్టు గేరు వేసి, న్యూట్రల్ మాట ఎత్తకుండా దిగటం. మునుపటికన్నా టన్ను తక్కువ ఎత్తటం. ట్రాలీ పక్కన ఒక మనిషి చింతమొద్దు దిమ్మె భుజాన వేసుకుని నడవటం, జారితే చక్రం కింద వెయ్యటానికి. ఈసారి గానుగ ఆడేది సంక్రాంతి సెలవుల్లో. ఆ దిమ్మె మోసేది నేనే.